పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: మెరుపు తోకను బట్టి కణాన్ని గుర్తించడం

కిందటి సంచికలో సింటిలేటర్ల గురించి, అంటే రేడియేషన్ తగిలినప్పుడు లోపల సన్నని మెరుపు పుట్టే స్ఫటికాలు, ద్రవాలు, ప్లాస్టిక్కుల గురించి రాసినప్పుడు, ఆ మెరుపులో ఎంత కాంతి ఉందో కొలిస్తే కణం వదిలిన శక్తి తెలుస్తుందని చెప్పి ఊరుకున్నాము. ఎక్కువ ఉత్తరాలు ఆ ఒక్క వాక్యం మీదే వచ్చాయి. శక్తి సంగతి సరే, వచ్చినది ఏ కణమో ఎలా తెలుస్తుందని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే కాబట్టి ఈసారి చోటంతా దానికే ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఎమ్మెస్సీ ల్యాబులో సోడియం అయొడైడ్ స్ఫటికంతో సీసియం-137 వర్ణపటం తీశాము. 662 కె.ఇ.వి. (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర శిఖరం చక్కగా వచ్చింది. గామా కిరణాలతో పాటు న్యూట్రాన్లు కూడా వస్తున్న చోట డిటెక్టర్ పెడితే, ఫలానా పల్స్ (మెరుపు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం) గామాది, ఫలానాది న్యూట్రాన్‌ది అని పల్స్ ఎత్తును బట్టి చెప్పగలమా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

సమాధానం: ఎత్తును బట్టి చెప్పలేము. ఎందుకు చెప్పలేమో అర్థమైతే, దేన్ని బట్టి చెప్పగలమో కూడా అక్కడే బయటపడుతుంది.

గామా కిరణానికి గాని న్యూట్రాన్‌కు గాని విద్యుదావేశం లేదు కనుక అవి నేరుగా మెరుపును పుట్టించవు. గామా కిరణం ఒక ఎలక్ట్రాన్‌ను ఢీకొని దానికి వేగాన్ని ఇస్తుంది. వేగంగా వచ్చిన న్యూట్రాన్ హైడ్రోజన్ కేంద్రకాన్ని, అంటే ప్రోటాన్‌ను, ఢీకొని ముందుకు నెడుతుంది. మనం కొలిచే వెలుగు ఆ ఎలక్ట్రాన్‌దో ఆ ప్రోటాన్‌దో తప్ప మొదట వచ్చిన అతిథిది కాదు. అందుచేత "గామానా, న్యూట్రానా" అన్న ప్రశ్న డిటెక్టర్ లోపల "ఎలక్ట్రానా, ప్రోటానా" అన్న ప్రశ్నగా మారిపోతుంది. మీ సోడియం అయొడైడ్‌లో హైడ్రోజన్ లేదు కాబట్టి అది ఈ పనికి పనికిరాదు. హైడ్రోజన్ నిండుగా ఉన్న స్టిల్బీన్ స్ఫటికాన్నో, జైలీన్ ఆధారంగా తయారైన ద్రవ సింటిలేటర్‌నో వాడతారు.

ఇప్పుడు ఆ ద్రవంలో 1 ఎం.ఇ.వి. (1000 కె.ఇ.వి.) ఎలక్ట్రాన్ ఒకటి, 1 ఎం.ఇ.వి. ప్రోటాన్ ఒకటి బయలుదేరాయనుకోండి. ఎలక్ట్రాన్ సుమారు 4 మిల్లీమీటర్ల దాకా పోయి, దారి పొడుగునా శక్తిని పలుచగా చల్లుకుంటూ వెళుతుంది. ప్రోటాన్ మిల్లీమీటరులో నలభయ్యో వంతు కూడా దాటక ముందే ఆగిపోతుంది. అంటే అంతే శక్తిని వందరెట్లకు పైగా కిక్కిరిసిన దారిలో కుమ్మరిస్తుంది. ఆ కిక్కిరిసిన దారిలో ఉత్తేజితమైన అణువులు ఒకదానినొకటి అడ్డుకుని, వెలుగుగా రావలసిన శక్తిలో చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తాయి. దీనిని బిర్క్స్ నియమం లెక్కలో పెడుతుంది: దారిలో సెంటీమీటరుకు ఎంత ఎక్కువ శక్తి పడితే, ఆ శక్తికి తగిన వెలుగు అంత తగ్గుతుంది. ఫలితంగా 1 ఎం.ఇ.వి. ప్రోటాన్ ఇచ్చే వెలుగు అంతే శక్తి గల ఎలక్ట్రాన్ ఇచ్చే వెలుగులో సుమారు ఐదో వంతు మాత్రమే. ఆల్ఫా కణమైతే ఇంకా తక్కువ. కాబట్టి ఫలానా ఎత్తు గల పల్స్ 200 కె.ఇ.వి. ఎలక్ట్రాన్‌ది కావచ్చు, 1 ఎం.ఇ.వి. ప్రోటాన్‌ది కూడా కావచ్చు. ఎత్తు మాత్రమే చూసేవారికి రెండూ ఒకటే.

ఇత్తడి గంటను ఒకసారి, చెక్కబల్లను ఒకసారి మోదితే రెండు చప్పుళ్లూ ఒకే గట్టిదనంతో లేవవచ్చు. కళ్లు మూసుకుని వింటున్నా తేడా తెలుస్తుందంటే, ఆ తరువాత మోత ఎంతసేపు నిలిచిందన్న దాన్ని బట్టి తెలుస్తుంది. సింటిలేటర్‌లోనూ అంతే, వెలుగు ఎలా ఆరిపోయిందో చూడాలి. ద్రవ సింటిలేటర్ మెరుపు ఒక్క వేగంతో ఆరదు. అందులో ఎక్కువ భాగం 3 నానోసెకన్ల వేగంతో ఆరిపోతే, కొంత భాగం 30 నానోసెకన్ల ప్రాంతంలో, మరికొంత 270 నానోసెకన్ల దాకా సన్నగా సాగుతుంది. ఈ సాగిన భాగాన్ని తోక అంటాము. ఎలక్ట్రాన్ మెరుపుకు తోక పలుచగా, ప్రోటాన్ మెరుపుకు కొంచెం దట్టంగా, ఆల్ఫా మెరుపుకు ఇంకా దట్టంగా ఉంటుంది.

ఎందుకు? ఇక్కడ కాస్త నిలిచి చూడడం అవసరం, ఎందుకంటే మిగతా ప్రశ్నల జవాబులన్నీ దీని మీదే నిలబడతాయి. బెంజీన్ వలయాలున్న అణువు ఉత్తేజితమైనప్పుడు రెండు రకాల స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. సింగ్లెట్ అనే స్థితిలో ఉన్న అణువు కొద్ది నానోసెకన్లలోనే కాంతిని వదిలి మామూలు స్థితికి దిగిపోతుంది. ట్రిప్లెట్ స్థితిలో ఉన్న అణువుకు అలా దిగే దారిని క్వాంటం నియమాలు దాదాపు మూసేస్తాయి. దానికి ఎదురుగా తనలాంటి మరో ట్రిప్లెట్ అణువు తటస్థపడాలి. అప్పుడు ఒకటి తన శక్తిని రెండోదానికి ధారపోసి చల్లబడుతుంది, రెండోది సింగ్లెట్‌గా మారి కాంతిని వదులుతుంది. ఆ రెండూ ఒకదానినొకటి కలుసుకోవడానికి పట్టిన సమయమే తోకగా మనకు కనిపిస్తుంది. ఇప్పుడు ప్రోటాన్ నడిచిన ఇరుకు దారిని తలుచుకోండి. అక్కడ సింగ్లెట్లు పక్కనున్న అయాన్లకు, ఉత్తేజిత అణువులకు శక్తిని పోగొట్టుకుని ఎక్కువగా ఆరిపోతాయి. విడిపోయిన ఎలక్ట్రాన్లు మళ్లీ అయాన్లతో చేరినప్పుడు మాత్రం ట్రిప్లెట్లు దండిగా పుడతాయి, దగ్గర దగ్గరగా ఉండడం వల్ల జత సులువుగా దొరుకుతుంది. వెంటనే వచ్చే వెలుగు బాగా తగ్గి, ఆలస్యంగా వచ్చే వెలుగు అంతగా తగ్గకపోవడం వల్ల మొత్తంలో తోక వాటా పెరుగుతుంది. కణం ఎవరో వెలుగు మీద రాసి ఉండదు. అది నడిచిన దారి ఎంత ఇరుకో మాత్రమే రాసి ఉంటుంది, దాన్ని బట్టి కణాన్ని మనం ఊహిస్తాము.

ప్రశ్న: రూథర్‌ఫర్డ్ కాలంలో ఎలక్ట్రానిక్ పరికరాలు లేవు కదా, కంటితో మెరుపులు లెక్కపెట్టినవారు అవి ఆల్ఫా కణాలవేనని ఎలా నమ్మారు? (ఉపాధ్యాయుడు, విజయనగరం)

సమాధానం: మెరుపు తోకను కన్ను చూడలేదు. తెరే ఆ వడపోత చేసిపెట్టింది. 1909లో గైగర్, మార్స్‌డెన్‌లు బంగారు రేకు ప్రయోగంలో వాడినది పలుచగా జింక్ సల్ఫైడ్ పూసిన తెర. ఆల్ఫా కణం తన శక్తినంతా ఆ పలుచని పూతలోనే వదిలేస్తుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో విడిగా కనిపించేంత మెరుపు వస్తుంది. బీటా కణం, గామా కిరణం ఆ మందంలో వదిలే శక్తి చాలా స్వల్పం. ఈనాటికీ చేతులకు, బల్లలకు అంటిన ఆల్ఫా కాలుష్యాన్ని పరీక్షించే పరికరాల్లో జింక్ సల్ఫైడ్ పూతనే వాడతారు. దాని వెనుక ప్లాస్టిక్ సింటిలేటర్ అంటించి, పూతలో పుట్టిన నిదానమైన మెరుపును ఆల్ఫాగా, ప్లాస్టిక్కులో పుట్టిన చురుకైన మెరుపును బీటాగా వేరుచేస్తారు. ఇలా రెండు సింటిలేటర్లను జతచేసిన డిటెక్టర్‌ను ఫాస్విచ్ అంటారు.

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్ రంగంలో పనిచేస్తున్నాను. నానోసెకన్లలో ఆరిపోయే మెరుపుకు తోక ఎంతుందో యంత్రం ఎలా కొలుస్తుంది? కొలిచిన తరువాత "ఇది న్యూట్రాన్" అని ఎంత ధైర్యంగా చెప్పవచ్చు? (పాఠకుడు, హైదరాబాదు)

సమాధానం: మొదటి ప్రశ్నకు జవాబు చాలా సాదా. ఫొటోమల్టిప్లయర్ ట్యూబు ఆ మెరుపును విద్యుత్ పల్స్‌గా మారుస్తుంది. ఆ పల్స్ కింద వైశాల్యాన్ని రెండుసార్లు కూడతారు. ఒకసారి మొదలు నుంచి 300 నానోసెకన్ల దాకా మొత్తాన్ని, మరోసారి శిఖరం దాటాక 30 నానోసెకన్లు విడిచిపెట్టి మిగిలిన తోకను మాత్రమే. తోకను మొత్తంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. మొత్తాన్ని అడ్డంగా, నిష్పత్తిని నిలువుగా పెట్టి ఒక్కొక్క పల్స్‌కు ఒక్కొక్క చుక్క వేస్తూ పోతే, కొన్ని నిమిషాల్లో తెర మీద రెండు పట్టీలు తేలతాయి. కింది పట్టీ గామాలది, పై పట్టీ న్యూట్రాన్లది. సీసియం-137 ఒక్కటే పెడితే కింది పట్టీ మాత్రమే వస్తుంది. అమెరీషియం-బెరీలియం మూలాన్ని తెచ్చి పెడితే, అది న్యూట్రాన్లతో పాటు 4.44 ఎం.ఇ.వి. గామాలను కూడా ఇస్తుంది కాబట్టి, రెండు పట్టీలూ కనిపిస్తాయి. మొదటిసారి ఆ రెండో పట్టీ ఖాళీ చోటులో చుక్క చుక్కగా పేరుకుంటుంటే చూసిన విద్యార్థి ముఖం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అంతకు ముందు పుస్తకంలో ఒక పదంగా ఉన్న న్యూట్రాన్ అప్పుడు కంటి ఎదుటికి వస్తుంది.

ఈ పనిని ఇప్పుడు సెకనుకు 25 కోట్లో 50 కోట్లో సార్లు పల్స్‌ను కొలిచే డిజిటైజర్లు చేస్తున్నాయి. 1959లో ఎఫ్.డి. బ్రూక్స్ న్యూట్రాన్, గామా పల్స్‌లను వేరుచేసే సర్క్యూటును ప్రచురించిన నాటి నుంచి చాలా ఏళ్లు అనలాగ్ సర్క్యూట్లే దీన్ని మోశాయి. వాటిలో ఒక పద్ధతి పల్స్‌ను సున్నాను దాటే తరంగంగా మలిచి, అది సున్నాను ఎప్పుడు దాటిందో చూస్తుంది. తోక దట్టంగా ఉన్న పల్స్ ఆలస్యంగా దాటుతుంది. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో 100 ద్రవ సింటిలేటర్లతో నిర్మించిన జాతీయ న్యూట్రాన్ డిటెక్టర్ల అమరికలో ఈ సున్నా దాటే పద్ధతిని వాడారు. అక్కడ డిటెక్టర్లు లక్ష్యం నుంచి 175 సెంటీమీటర్ల దూరంలో ఉండడం వల్ల మరొక సాక్ష్యం కూడా దొరుకుతుంది. గామా కిరణం ఆ దూరాన్ని 6 నానోసెకన్లలోపే దాటుతుంది, 1 ఎం.ఇ.వి. న్యూట్రాన్‌కు సుమారు 126 నానోసెకన్లు పడుతుంది. పల్స్ ఆకారం చెప్పినదాన్ని ప్రయాణ సమయం కూడా ఒప్పుకుంటే ఆ పల్స్ మీద నమ్మకం కుదురుతుంది.

రెండో ప్రశ్న అసలైనది. ఒక లెక్క వేసి చూద్దాం. డిటెక్టర్‌లో 1 కె.ఇ.వి. ఎలక్ట్రాన్ శక్తికి సమానమైన వెలుగుకు ఫొటోమల్టిప్లయర్‌లో ఒక ఎలక్ట్రాన్ పుడుతుందని, గామా పల్స్‌లో తోక వాటా నూటికి 10, న్యూట్రాన్ పల్స్‌లో నూటికి 20 అని అనుకుందాం. 1000 కె.ఇ.వి.కి సమానమైన వెలుగు వస్తే గామా తోకలో 100, న్యూట్రాన్ తోకలో 200 ఎలక్ట్రాన్లు ఉంటాయి. యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు వాటి వర్గమూలాల ప్రకారం 10, 14. మధ్యలో 100 తేడా ఉంది కాబట్టి పొరబాటుకు చోటు దాదాపు లేదు. అదే 50 కె.ఇ.వి. దగ్గరికి దిగితే తోకలో ఉండేవి 5, 10. హెచ్చుతగ్గులు 2, 3. ఇప్పుడు 7 ఎలక్ట్రాన్లున్న తోక వస్తే అది ఎవరిదని చెబుతారు? ఏ సర్క్యూటు పెట్టినా, ఎంత తెలివైన ప్రోగ్రాము రాసినా, అక్కడ లేని సమాచారాన్ని పుట్టించలేరు.

ఏ నిష్పత్తితో ఎన్ని పల్స్‌లు వచ్చాయో గీస్తే గామాలకు ఒకటి, న్యూట్రాన్లకు ఒకటిగా రెండు గుట్టలు లేస్తాయి. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు ఆ రెండు గుట్టల శిఖరాల మధ్య దూరాన్ని వాటి వెడల్పుల మొత్తంతో భాగించి ఒక యోగ్యతాంకం చెబుతారు. వెడల్పును సగం ఎత్తు దగ్గర కొలుస్తారు. అది 1.27 ఉంటే ఒక్కొక్క గుట్ట నుంచి మూడేసి ప్రామాణిక విచలనాల (ఇందాకటి హెచ్చుతగ్గుల కొలత) దూరంలో గీత గీయవచ్చన్నమాట. ఏ శక్తి దగ్గర కొలిచారో చెప్పకుండా ఈ అంకం ఒక్కటే చెబితే దానికి విలువ లేదని నా గట్టి అభిప్రాయం. 1 ఎం.ఇ.వి. దగ్గర 2 ఉన్న డిటెక్టర్ 50 కె.ఇ.వి. దగ్గర రెండు గుట్టలనూ ఒకే కుప్పగా చూపించవచ్చు. ప్రకటనల్లో మొదటి అంకమే కనిపిస్తుంది.

మీ వృత్తికి దగ్గరైన మరొక చిక్కు కూడా చెప్పాలి. పల్స్‌ను కూడే 300 నానోసెకన్ల వ్యవధి, అంటే కిటికీ, తెరిచి ఉండగా రెండో గామా వచ్చి పడితే, దాని వెలుగు మొదటిదాని తోకలో కలిసిపోతుంది. తోక దట్టమైంది కాబట్టి యంత్రం దాన్ని న్యూట్రాన్ కింద రాసుకుంటుంది. గామాలు తీవ్రంగా ఉన్నచోట కొన్ని న్యూట్రాన్లే ఉండగా ఇలాంటి దొంగ న్యూట్రాన్లు నిజమైనవాటిని మించిపోగలవు. ఒకే కిటికీలో రెండు శిఖరాలున్న పల్స్‌లను పట్టి పక్కన పెట్టే ఏర్పాటు లేకుండా తీసిన లెక్కను నేను నమ్మను.

ప్రశ్న: మా పరిశోధనశాలలో చాలా ఏళ్లుగా వాడుతున్న ద్రవ సింటిలేటర్ డిటెక్టర్ ఒకటి ఉంది. సీల్ మార్చిన తరువాత గామా, న్యూట్రాన్ పట్టీలు రెండూ కలిసిపోయాయి. పల్స్‌లు మాత్రం బాగానే వస్తున్నాయి. ఎలక్ట్రానిక్స్‌లో లోపమా? (పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం)

సమాధానం: ముందు ద్రవాన్ని అనుమానించండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను పనిచేసిన ఒకచోట గాజు పాత్రలో ఉన్న ద్రవం ఒక మూల కొద్దిగా కారింది. కొత్త సీలు వేసి, అదే రకం ద్రవాన్ని సీసా నుంచి పోసి నింపాము. మరుసటి రోజు చూస్తే మీరు చెప్పిన చిత్రమే కనిపించింది. వోల్టేజి మార్చాము, కేబుళ్లు మార్చాము, కిటికీల వెడల్పు మార్చాము, మూడు రోజులు పోయాయి. సీసియం-137 పెట్టి చూసినప్పుడు 477 కె.ఇ.వి. దగ్గర ఉండవలసిన కాంప్టన్ అంచు (గామా ఒక్క ఢీలో ఎలక్ట్రాన్‌కు ఇవ్వగల గరిష్ఠ శక్తి) ఎడమకు జరిగి ఉండడం నాలుగో రోజు గమనించాము. వెలుగే తగ్గిందన్న మాట. ఎలక్ట్రానిక్స్ మీద నిందను అప్పుడు ఉపసంహరించుకున్నాము.

కారణం గాలి. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ మామూలు స్థితిలోనే ట్రిప్లెట్ అణువు. అది ఉత్తేజితమైన ట్రిప్లెట్ అణువు దగ్గరికి చేరి దాని శక్తిని హరించేస్తుంది. జత దొరకక ముందే ట్రిప్లెట్లు ఆరిపోతే తోకకు ఆధారమే పోతుంది. వెంటనే వచ్చే వెలుగు కొంత తగ్గినా పల్స్ పల్స్‌లాగే కనిపిస్తుంది కాబట్టి మోసపోతాము.

దానికి మేము చేసిన వైద్యం ఇది. విష వాయువులను లాగేసే గూడు కింద, మంట దరిదాపుల్లో లేకుండా, సన్నని గొట్టాన్ని ద్రవం అడుగుదాకా దించి, పొడి నైట్రోజన్‌ను బుడగలు ఒకదాని వెంట ఒకటి లెక్కపెట్టగలిగినంత నిదానంగా గంటకు పైగా పంపించాము. జైలీన్ వాసన రంగుల దుకాణంలో వచ్చే వాసనలాగే ఉంటుంది, పీల్చకూడదు. గది వేడికే మంట అందుకోగల ఆవిరి దాని నుంచి వస్తుంది కాబట్టి ఈ పనిని ఒంటరిగా, హడావుడిగా చేయవద్దు. తరువాత గాలి చొరబడకుండా, వేడికి ద్రవం ఉబ్బడానికి కొంచెం నైట్రోజన్ ఖాళీ వదిలి మూశాము. ఆ సాయంత్రం పట్టీలు మళ్లీ విడిపోయాయి.

ఈ బాధ లేనిది కావాలంటే స్టిల్బీన్ స్ఫటికం ఉంది, ఖరీదైనది, పెళుసైనది. ప్లాస్టిక్ సంగతి కొందరు అడిగారు. మామూలు ప్లాస్టిక్ సింటిలేటర్‌లో ట్రిప్లెట్లు పుట్టినచోటే బందీలవుతాయి. పాలిమర్‌లో కదలలేవు, వాటిని మోసే రంగు అణువులు నూటికి ఒకటి రెండు పాళ్లే ఉండడంతో ఒకదాని నుంచి మరొకదానికి దూకలేవు. 2012లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో నటాలియా జైట్సేవా బృందం ఆ రంగు పాళ్లను బాగా పెంచి, ట్రిప్లెట్లు అణువు నుంచి అణువుకు దూకుతూ జతను కలుసుకునే ప్లాస్టిక్కును తయారుచేసి చూపింది. ఇప్పుడవి బజారులో దొరుకుతున్నాయి. మంచి ద్రవంతో పోలిస్తే వేరుచేసే శక్తి కొంచెం తక్కువే అయినా, కారడం, మండడం లేకపోవడం చిన్న సుఖం కాదు.

ప్రశ్న: కెనడాలోని సడ్‌బరీ గనిలో కృష్ణ పదార్థం (డార్క్ మేటర్) కోసం ద్రవ ఆర్గాన్‌ను వాడుతున్నారని చదివాను. బరువైన కణానికి తోక దట్టంగా ఉంటుందన్న సూత్రమే అక్కడా పనిచేస్తుందా? (టొరంటో నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అక్కడ సూత్రం తలకిందులవుతుంది. మంచి ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే "బరువైన కణం అంటే పెద్ద తోక" అని కంఠస్థం చేసినవారు ఇక్కడే పొరబడతారు.

ఆర్గాన్‌లో ఉత్తేజితమైన పరమాణువు పక్కనున్న దానితో జతకట్టి, ఆ జత విడిపోతూ 128 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వదులుతుంది. జతకు సింగ్లెట్ స్థితి ఉంటే 7 నానోసెకన్ల ప్రాంతంలో, ట్రిప్లెట్ స్థితి ఉంటే 1.5 మైక్రోసెకన్ల ప్రాంతంలో ఆ కాంతి వస్తుంది. ఇక్కడ ట్రిప్లెట్‌కు మరొక ట్రిప్లెట్‌ను వెతుక్కోవలసిన అవసరం లేదు. ఆలస్యమైనా తానే వెలుగునిస్తుంది. కాబట్టి ఇరుకు దారి దానికి మేలు చేయదు. కృష్ణ పదార్థపు కణంలాంటిది తగిలి ఆర్గాన్ కేంద్రకం అదిరి కదిలినప్పుడు మొత్తం వెలుగులో సుమారు 70 శాతం వెంటనే వస్తుంది. ఎలక్ట్రాన్ పోయినప్పుడు వెంటనే వచ్చేది 30 శాతమే. 7 నానోసెకన్లకు, 1500 నానోసెకన్లకు మధ్య ఉన్న దూరం వల్ల ఈ వేరుచేయడం ద్రవ సింటిలేటర్‌లో కన్నా ఎంతో పదునుగా సాగుతుంది.

అంత పదును అవసరం కూడా. సడ్‌బరీలోని స్నోల్యాబ్‌లో 2 కిలోమీటర్ల లోతున ఉన్న డీప్-3600 డిటెక్టర్‌లో సుమారు 3.3 టన్నుల ఆర్గాన్‌ను నింపారు. గాలి నుంచి తీసిన ఆర్గాన్‌లో ఆర్గాన్-39 అనే రేడియోధార్మిక రకం సహజంగానే ఉండి, కిలోకు సెకనుకు దాదాపు ఒక బీటా కణాన్ని వదులుతుంది. గుణించి చూడండి: సెకనుకు మూడు వేలకు పైగా, ఏడాదికి పదివేల కోట్ల ప్రాంతంలో. కృష్ణ పదార్థం తగిలితే ఏడాదికి కొన్ని మెరుపులైనా వస్తాయా అని ఎదురుచూస్తున్న చోట పదివేల కోట్ల బీటాలను ఒక్కొక్కటిగా పక్కకు తీసిపెట్టగలిగేది పల్స్ ఆకారం ఒక్కటే. ఇటలీలోని గ్రాన్ సాస్సోలో డార్క్‌సైడ్ బృందం మరో దారి కూడా పట్టింది. భూగర్భం నుంచి తీసిన ఆర్గాన్‌ను వాడి ఆర్గాన్-39ను వెయ్యి రెట్లకు పైగా తగ్గించింది.

విశాఖపట్నం పాఠకుడి కోసం ఇక్కడ ఒక మాట. ఆయన ద్రవాన్ని బతికించే నైట్రోజనే ఆర్గాన్‌కు శత్రువు. పది లక్షల పాళ్లలో ఒకటి రెండు పాళ్ల నైట్రోజన్ కలిసినా ఆర్గాన్ ట్రిప్లెట్ల వెలుగు తగ్గడం మొదలవుతుంది. ఏ మలినం ఎవరికి హాని చేస్తుందో ఆ పదార్థం వెలుగు పుట్టే తీరును బట్టే ఉంటుంది.

ప్రశ్న: మాది డిగ్రీ కళాశాల. ద్రవ సింటిలేటర్, డిజిటైజర్ కొనే స్తోమత లేదు. ఈ విషయాన్ని విద్యార్థులకు ప్రయోగంగా చూపించే మార్గం ఉందా? (అధ్యాపకురాలు, వరంగల్లు)

సమాధానం: ఉంది. థాలియం కలిపిన సీసియం అయొడైడ్ స్ఫటికాన్ని తీసుకోండి. దాని మెరుపు సుమారు అర మైక్రోసెకను నుంచి మూడు మైక్రోసెకన్ల దాకా సాగుతుంది కాబట్టి మామూలు డిజిటల్ ఆసిలోస్కోపు చాలు. ఆల్ఫా మెరుపు ఇందులో గామా మెరుపు కన్నా త్వరగా ఆరిపోతుంది. మీ ల్యాబులో అనుమతితో ఉన్న చిన్న అమెరీషియం-241 ఆల్ఫా మూలం, సీసియం-137 మూలం ఉంటే రెండు రకాల పల్స్‌లూ దొరుకుతాయి. మూలాలను మీ సంస్థలో రేడియేషన్ భద్రత చూసే వ్యక్తి సమక్షంలోనే బయటకు తీయండి, ఆల్ఫా మూలం ముఖాన్ని వేలితో తాకనివ్వవద్దు.

సోడియం అయొడైడ్‌తో ఈ ప్రయోగం చేయలేరు. అది గాలిలో తేమను పీల్చుకుని పాడవుతుంది కనుక డబ్బాలో మూసి ఉంచుతారు, ఆ డబ్బాను ఆల్ఫా దాటలేదు. సీసియం అయొడైడ్ తేమను చాలావరకు తట్టుకుంటుంది కాబట్టి ఒక ముఖాన్ని తెరిచి పెట్టవచ్చు. స్ఫటికం, ఫొటోమల్టిప్లయర్, మూలం అన్నీ కలిపి చీకటి పెట్టెలో ఉండాలి. ట్యూబుకు వోల్టేజి ఉండగా మూత తెరిస్తే ట్యూబు పాడవుతుంది.

చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటి ఉంది. ట్యూబు ఆనోడును నేరుగా ఆసిలోస్కోపు 1 మెగా ఓము ముఖానికి కలిపితే, కేబుల్‌కు ఉండే 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్‌తో కలిసి 100 మైక్రోసెకన్ల నిదానం ఏర్పడి, ఆల్ఫా పల్స్, గామా పల్స్ రెండూ ఒకే తోకతో కనిపిస్తాయి. అక్కడ 1 కిలో ఓము నిరోధాన్ని సమాంతరంగా పెడితే ఆ నిదానం 0.1 మైక్రోసెకనుకు దిగి, స్ఫటికం సొంత ఆకారం బయటపడుతుంది. ఇక ఎత్తు సమస్య. అమెరీషియం ఆల్ఫా శక్తి 5.5 ఎం.ఇ.వి. ప్రాంతంలో ఉండడంతో దాని పల్స్ గామా పల్స్ కన్నా చాలా పొడుగ్గా వస్తుంది, పోల్చడం కష్టం. గాలిలో ఆ ఆల్ఫా 4 సెంటీమీటర్లే వెళ్లగలదు. మూలాన్ని స్ఫటికం నుంచి మెల్లగా 3 సెంటీమీటర్లు, అవసరమైతే మరికొంత దూరం జరుపుతూ పోతే ఆల్ఫా శక్తి గాలిలోనే తగ్గి, దాని పల్స్ ఎత్తు 662 కె.ఇ.వి. గామా పల్స్ ఎత్తు దగ్గరికి దిగుతుంది.

అప్పుడు రెండు రకాల పల్స్‌లను వందేసి చొప్పున దాచుకుని, మొదటి ఒక మైక్రోసెకను వైశాల్యాన్ని పది మైక్రోసెకన్ల వైశాల్యంతో భాగించమని విద్యార్థులకు ఇవ్వండి. నిష్పత్తులు రెండు గుట్టలుగా విడిపోతాయి. ఏ గుట్ట ఎవరిదో మీరు చెప్పవద్దు. మూలానికి, స్ఫటికానికి మధ్య నోటుపుస్తకంలోని కాగితం ఒకటి పెట్టి మళ్లీ కొలవమనండి. ఒక గుట్ట పూర్తిగా మాయమవుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది.